ఆ లాప్‌టాప్ సంగతి ముందు మీరే చెప్పండి

ప్రశ్న: అమ్మా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 31 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పెళ్లయి ఏడేళ్లయింది. ఐదేళ్ల పాప ఉంది. మా ఆయన రేణిగుంట దగ్గర ఫోన్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. షిఫ్టులు మారుతుంటాయి. నైట్ షిఫ్టు వారంలో రాత్రి ఒంటిగంట నలభైకి వాట్సాప్‌లో 'ఆన్‌లైన్' అని కనిపిస్తారు. నా మెసేజ్‌కు బ్లూ టిక్ పడుతుంది, జవాబు మాత్రం రాదు. అడిగితే విసుక్కుంటారు. పుత్తూరులో మా అక్క కాపురం ఇలాగే ఫోన్‌తో మొదలై పాడైంది. రెండు నెలల కిందట ఆయన స్నానానికి పోయినప్పుడు ఆయన వాట్సాప్‌ను నా స్కూల్ బ్యాగ్‌లో ఉండే లాప్‌టాప్‌కు లింక్ చేసుకున్నాను. ఫోన్ పిన్ మా పాప పుట్టిన తేదీనే. అప్పటి నుంచి రోజూ చదువుతున్నాను. ఏ అమ్మాయీ లేదు. కానీ చీటీ పాడిన రెండు లక్షలు నాకు చెప్పకుండా తమ్ముడికి ఇచ్చారు. మదనపల్లెలో ఉండే వాళ్ల పెదనాన్న కూతురికి నా గురించి, "ఇంటికి పోవాలంటే భయంగా ఉందక్కా, ఏం చెప్పినా పరీక్ష రాసినట్టు ఉంటుంది" అని మెసేజ్ పెట్టారు. అది చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఎలా తెలిసిందో చెప్పకుండా ఈ రెండు సంగతులూ ఎలా అడగాలి? నా ఫ్రెండ్ ఒకామె, అమ్మాయి ఫొటోతో దొంగ ఇన్‌స్టా అకౌంట్ పెట్టి ఆయనకు మెసేజ్ చేసి చూడు, మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది అంటోంది. చేయమంటారా?
— పేరు వద్దు, తిరుపతి

సమాధానం:

అమ్మా, ఎలా తెలిసిందో చెప్పకుండా మీరు అడగలేరు. డబ్బు మాట ఎత్తగానే ఆయన "నీకెవరు చెప్పారు?" అంటారు. అప్పుడు మీరు ఎవరిదో ఒకరి పేరు చెప్పాలి. మరిది పేరు చెప్తే అన్నదమ్ముల మధ్య గొడవ. మదనపల్లె ఆమె పేరు చెప్తే, మీ ఆయన కష్టం చెప్పుకుంటే విని కడుపులో పెట్టుకున్న మనిషి ఏ తప్పూ చేయకుండానే చాడీలు చెప్పినదైపోతుంది. ఎవరి పేరూ చెప్పకపోతే ఆయన లోపల్లోపలే వెతుక్కుంటారు. ఏదో ఒక రోజు వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరుస్తారు. మీ లాప్‌టాప్ అక్కడే ఉంటుంది. ఆ తర్వాత మీరు ఏం చెప్పినా ఆయన చెవికెక్కదు. అందుకే ముందు చెప్పాల్సింది లాప్‌టాప్ సంగతి. రెండు లక్షల సంగతి ఆ తర్వాత.

అది ఎలా చెప్పాలో కూడా రాస్తాను. అంతకన్నా ముందు, ఆ ఒంటిగంట నలభై దగ్గర కాసేపు ఆగుదాం. ఎందుకంటే మీ బాధంతా అక్కడే మొదలైంది.

'ఆన్‌లైన్' అంటే ఆ నిమిషంలో ఆయన ఫోన్లో వాట్సాప్ తెరిచి ఉందని, అంతే. ఎవరితో మాట్లాడుతున్నారో, అసలు మాట్లాడుతున్నారో లేదో అది చెప్పదు. ఊరి గ్రూపులో ఎవరో పెట్టిన వర్షం వీడియో చూస్తున్నా అదే మాట కనిపిస్తుంది. బ్లూ టిక్ కూడా అంతే. అది 2014 నవంబరులో వచ్చింది. అంతకు ముందు మనం మెసేజ్ పెట్టి పడుకునేవాళ్లం, తెల్లారి జవాబు వచ్చేది. మధ్యలో ఆయన చూశాడా, చూసి ఊరుకున్నాడా అని ఊహించుకోవడానికి చోటే ఉండేది కాదు.

ఇంకో సంగతి. ఇలాంటి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో చాలా చోట్ల ఫోన్ లైన్ లోపలికి తీసుకుపోనివ్వరు. లాకర్లో పెట్టి పోవాలి. మధ్యలో బ్రేక్ ఇచ్చినప్పుడే మళ్లీ ఫోన్ చేతికొస్తుంది. ఆ కాసేపట్లోనే తినాలి, బాత్రూమ్‌కు పోవాలి, ఫోన్ చూసుకోవాలి. వచ్చిన మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తారు. మీది కూడా తెరుస్తారు, టిక్ నీలమవుతుంది, అంతలో లోపలికి పిలుపొస్తుంది. మీ ఆయన విషయంలో ఇదే జరుగుతోందని నేను అనడం లేదు. నాకు తెలియదు. కానీ ఏడేళ్లుగా కలిసి ఉన్న మీకు తెలియాలి కదా. "రాత్రి ఎవరితో మాట్లాడుతున్నారు?" అని ఎన్నిసార్లు అడిగి ఉంటారో గానీ, "మీకు బ్రేక్ ఎన్ని గంటలకు ఇస్తారు? ఆ టైమ్‌లో ఏం తింటారు?" అని ఎప్పుడైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆయన ఆన్‌లైన్‌కు వచ్చే టైమ్ నిమిషంతో సహా ఉంది. ఆయన బ్రేక్ టైమ్ మాత్రం లేదు.

మీ అక్క గురించి ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నేను దాన్ని వదలలేను. ఆ ఇంట్లో ఏం జరిగిందో మీరు కళ్లారా చూశారు. మీ అక్క ఏడుపు విన్నారు. చాలా రోజులు ఆమెకు తోడుగా పడుకుని కూడా ఉంటారు. అలాంటిది చూసినవాళ్లకు తర్వాత ఏ మగవాడు ఫోన్ పట్టుకుని మిద్దె మీదికి పోయినా గుండె దడదడలాడుతుంది. అందులో మీ తప్పేమీ లేదు. కానీ మీరు భయపడుతున్నది మీ బావ ఫోన్ చూసి. వెతికింది మాత్రం మీ ఆయన ఫోన్. రెండు నెలలు రోజూ చదివారు, ఏ అమ్మాయీ లేదని మీరే రాశారు. అయినా మీ భయం పోలేదు చూడండి. దొంగ అకౌంట్ మాట ఇంకా తల్లో తిరుగుతూనే ఉంది. ఆయన ఫోన్లో ఉన్నదంతా చదివినా తీరని భయం ఆ ఫోన్‌ది కాదమ్మా. అది పుత్తూరు నుంచి మీ వెంట వచ్చింది. ఈ మాట మీ ఆయనకు ఎప్పుడైనా నోరు తెరిచి చెప్పారా? "మా అక్కకు జరిగింది నాకూ జరుగుతుందేమోనని నాకు భయం" అని? చెప్పి ఉండరనే అనుకుంటున్నాను. అనుమానంగా అడిగి ఉంటారు, భయంగా చెప్పి ఉండరు. ఆ రెండూ వినే మనిషికి వేరేవేరుగా వినపడతాయి.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. మాది పీలేరు దగ్గర పల్లె. మా పక్కింటి పిన్నమ్మ భర్త కువైట్‌లో డ్రైవర్. ఆమెకు చదువు రాదు. నాకు అప్పుడు పన్నెండేళ్లు. ఆయన ఉత్తరం వస్తే నేను పోయి చదివి పెట్టేదాన్ని. "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలై, జీతం సంగతి, బావిలో పూడిక తీయించే సంగతి, పిల్లల చదువు, అన్నీ వరసగా ఉండేవి. చివర నాలుగైదు వరసలు వేరుగా ఉండేవి. అక్కడికి రాగానే నా గొంతు మారేది కాబోలు, పిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టి "అక్కడ ఆపు పాపా, అది నాకు" అనేది. ఆ కాగితం మడిచి పెట్టెలో పెట్టుకునేది. మళ్లీ ఆమె చెల్లెలు వచ్చినప్పుడు గదిలో కూర్చుని చదివించుకునేది. ఒక్కోసారి దానికి నెల పట్టేది. 1990 ఆగస్టులో కువైట్‌లో యుద్ధం వచ్చినప్పుడు ఉత్తరాలు పూర్తిగా ఆగిపోయాయి. ఆయన ఉన్నాడో లేడో కూడా తెలియని రోజులవి. ఆమె ఆ పెట్టె తెరిచి, చదవడం రాకపోయినా ఆ కాగితాలను ముందేసుకుని కూర్చునేది.

ఆ కాలం మంచిదని చెప్పడానికి ఇది రాయలేదు. మోసం అప్పుడూ ఉంది. అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు, అది ఇక్కడ తెలియడానికి ఏళ్లు పట్టేది. నాకు గుర్తుండిపోయింది ఆమె చెయ్యి అడ్డం పెట్టడం. తనకు రాసిన మాట ఇంకొకరి కంట పడకూడదని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మీరు చదివిన మెసేజ్‌ల విషయంలో నాకు అదే బాధ. అవి మీ ఆయన ఒక్కడివే కావు. సగం ఆ మదనపల్లె ఆమెవి. మీ ఆయనకు ధైర్యం చెప్తూ తన ఇంటి కష్టాలు కూడా ఏవో రాసి ఉంటుంది. ఆమెకు తెలియకుండా అవన్నీ మీ స్కూల్ బ్యాగ్‌లో తిరుగుతున్నాయి. ఈ సంగతి మీకు తట్టి ఉండదనే రాస్తున్నాను, నొప్పించాలని కాదు.

ఇప్పుడు ఆయన రాసిన మాట. "ఇంటికి పోవాలంటే భయంగా ఉంది." ఏ భార్యకైనా అది గుండెలో ముల్లే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ మీరు ఒకటి గుర్తుపెట్టుకోండి. మనసు బాగున్న రోజు ఎవరూ అక్కకు మెసేజ్ పెట్టరు. సాయంత్రం మీరూ ఆయనా పాపను తీసుకుని కపిలతీర్థం పోయి వచ్చిన రోజు, మీరు చేసిన సంగటి, ఊరుబిండి ఇష్టంగా తిన్న రోజు ఆ చాట్‌లో ఉండవు. అందులో ఉన్నవన్నీ గొడవైన రాత్రులే. మా అమ్మా వాళ్లు ఇలాంటి మాటలు గోడ దగ్గర నిలబడి పక్కింటివాళ్లతో అనుకునేవాళ్లు. గంటకు అన్నవాళ్లే మర్చిపోయేవాళ్లు. ఇప్పుడు అదే మాట తేదీతో, టైమ్‌తో అక్కడే నిలిచి ఉంటుంది, చదివిన ప్రతిసారీ అప్పుడే అన్నట్టు ఉంటుంది. మీరు దాన్ని ఎన్నిసార్లు చదివారో నేను ఊహించగలను.

అలాగని అది అబద్ధమనీ అనుకోకండి. పరీక్ష రాసినట్టు ఉందని ఆయన అన్నారు. అప్పటికే మీరు చదువుతున్నారని ఆయనకు తెలియదు. కానీ మీ ప్రశ్నల్లో ఏదో తేడా ఆయనకు తగిలింది. జవాబు ముందే తెలిసి అడిగే ప్రశ్న ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. మీరు టీచర్, పిల్లల ముఖాల్లో అది రోజూ చూస్తూనే ఉంటారు.

డబ్బు విషయంలో మాత్రం నేను మీ పక్కనే ఉన్నాను. ఆయన చేసింది తప్పు. చీటీ అంటే నెలనెలా ఇంట్లోంచి పోయే డబ్బు. అందులో మీ జీతం కూడా ఉంది. పాట పాడుకున్న తర్వాత కూడా మిగిలిన నెలలు కట్టాల్సిందే. అంటే ఆ రెండు లక్షల బరువు ఇప్పుడు కూడా మీ ఇంటి మీదే ఉంది, మీకు తెలియకుండా. తమ్ముడికి ఇవ్వడం తప్పు కాదు, అన్నగా ఆయన ధర్మం ఆయనది. చెప్పకపోవడం తప్పు. మీరు వద్దంటారని భయపడ్డారేమో, ఇంత పెద్ద గొడవెందుకని అనుకున్నారేమో. ఏదైనా కారణమే గానీ సాకు కాదు. ఎన్ని నెలల చీటీ మిగిలింది, ఎవరు కడుతున్నారు, తమ్ముడు ఎప్పటికి తిరిగి ఇస్తానన్నాడు, ఈ మూడూ తెలుసుకునే హక్కు మీకు ఉంది. గట్టిగానే అడగండి.

ఒక్కటే జాగ్రత్త. ఆయన తప్పును మీ తప్పుకు చెల్లు వేయకండి. "మీరు డబ్బు దాచారు కాబట్టే నేను ఫోన్ చూశాను" అనకండి. అది నిజం కూడా కాదు. మీరు ఫోన్ చూసింది డబ్బు కోసం కాదు. ఆ మాట అన్నారంటే ఇద్దరూ ఎవరిది పెద్ద తప్పు అని తూకం వేసుకుంటూ కూర్చుంటారు, తెల్లారిపోతుంది.

మీ ఫ్రెండ్ చెప్పిన దొంగ అకౌంట్ పని చేయకండి. ఇందులో రెండో మాట లేదు. మన తాతయ్యగుంట గంగమ్మ కథ మీరు పుట్టినప్పటి నుంచి వింటున్నదే. ఆడవాళ్లను చెరపట్టే పాలెగాడు భయపడి దాక్కుంటే, అమ్మ రోజుకొక వేషం వేసుకుని వెతికింది. చివరికి దొర వేషంలో పోయి వాడిని బయటికి రప్పించి తల నరికింది. ఏటా జాతరలో మనవాళ్లు వేసే వేషాలన్నీ అందుకే. ఆ వేషం వేసింది తప్పు చేసి దాక్కున్నవాడిని పట్టుకోవడానికి. ఏ తప్పూ చేయని మనిషి చేత తప్పు చేయించి చూద్దామని అమ్మ వేషం వేయలేదు. మీ ఫ్రెండ్ చెప్తున్నది అదే. అలసిపోయి, ఇంట్లో మాట్లాడడానికి భయపడుతున్న మనిషి ముందుకు తియ్యగా మాట్లాడే అమ్మాయిని మీరే తెచ్చి నిలబెడతారు. ఆయన జవాబు ఇవ్వకపోతే మీకు కలిగే నమ్మకం రెండు రోజులు కూడా ఉండదు, "ఈమె నచ్చలేదేమో, ఇంకో ఫొటో పెట్టి చూద్దాం" అనిపిస్తుంది. జవాబు ఇస్తే, ఆ ప్రేమగా మాట్లాడేది మీతోనే, కానీ మీరు కాదు. ఆ బాధకు మందు లేదు. పైగా ఆ ఫొటో ఎవరిది? ఎవరి బిడ్డ ఫొటోనో తీసి ఆ పనికి వాడితే చట్టం ముందు కూడా నిలబడాల్సి వస్తుంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మన దేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనంతో చెప్పింది. పెళ్లయినంత మాత్రాన ఆ హక్కు పోదు. మొన్న 2025 జులైలో ఇంకో తీర్పు వచ్చింది. భార్యాభర్తల విడాకుల కేసుల్లో ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన మాటలను సాక్ష్యంగా తీసుకోవచ్చని కోర్టు చెప్పింది. చాలామంది అంతవరకే విని "అయితే రికార్డు చేసుకోవచ్చట" అన్నారు. అదే తీర్పులో, ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే స్థితికి వచ్చారంటేనే ఆ బంధం దెబ్బతిన్నదని, నమ్మకం లేదని అర్థం అని కూడా ఉంది. మీరు కోర్టుకు పోవడానికి నాకు ఉత్తరం రాయలేదు. ఆ మనిషితో నిద్రపట్టేలా బతకడానికి రాశారు. కాబట్టి సాక్ష్యాలు పోగు చేసే పని మీది కాదు. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని ఉంటే తీసేయండి. మీ ఫ్రెండ్‌కు ఏమైనా పంపి ఉంటే అక్కడ కూడా తీసేయించండి.

ఎలా చెప్పాలంటారా? నైట్ షిఫ్టు నుంచి వచ్చిన ఉదయం వద్దు. ఆయన నిద్రలో ఉంటారు, మీరు స్కూల్ టెన్షన్‌లో ఉంటారు. వీక్లీ ఆఫ్ రోజు సాయంత్రం, పాప పడుకున్నాక చెప్పండి. పాపను వినిపించే దూరంలో ఉంచకండి. లాప్‌టాప్ మీ ముందు పెట్టుకోండి. "నేను ఒక తప్పు చేశాను, పూర్తయ్యేదాకా వినండి. రెండు నెలల నుంచి మీ వాట్సాప్ ఇందులో చదువుతున్నాను. మా అక్కకు జరిగింది చూసి భయపడి చేశాను. భయం నిజం, కానీ పని తప్పు" అనండి. అక్కడ ఆగండి. డబ్బు మాట, మదనపల్లె అక్క మాట ఆ గంటలో ఎత్తకండి. ఎత్తితే మీ క్షమాపణ బేరంలా వినపడుతుంది. ఆయన ఫోన్ ఆయన చేతికే ఇచ్చి, లింక్‌ను ఆయన చేతనే తీయించండి. మీరు తీసి చూపించడం కన్నా అది మేలు.

ఆయనకు కోపం వస్తుంది. రావాలి కూడా. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, పిన్ మార్చేయొచ్చు. మార్చనివ్వండి. కొత్త పిన్ అడగకండి. కొందరు భార్యాభర్తలు పిన్‌లన్నీ చెప్పుకుంటారు, కొందరు చెప్పుకోరు. రెండు రకాలవాళ్లూ సుఖంగా కాపురం చేయడం నేను చూశాను, రెండు రకాలవాళ్లూ విడిపోవడం కూడా చూశాను. ఇష్టంతో చెప్పిన పిన్‌కు విలువ ఉంది. అడిగి పుచ్చుకున్న పిన్‌తో మీకు మిగిలేది కాపలా కాసే పని.

ఆయన కాస్త చల్లబడ్డాక, నాలుగైదు రోజులకు, డబ్బు సంగతి మాట్లాడండి. అప్పుడు "నీకెవరు చెప్పారు" అనే ప్రశ్న ఉండదు. ఎలా తెలిసిందో ఆయనకు తెలుసు. ఆయన అక్కకు రాసిన మాట గురించి నిలదీయకండి. "ఇంటికి రావాలంటే ఏం భయమేస్తోంది?" అని ఒక్కసారి అడిగి, ఆయన ఎంతసేపు తీసుకుంటే అంతసేపు ఊరుకోండి. ఆమెకు మీరు ఫోన్ చేయకండి. ఆమెకు చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. అక్కతో మాట్లాడడం మానేయమని మాత్రం ఎప్పటికీ అడగొద్దు. ఆయనకు మనసు విప్పుకునే చోటు ఒకటైనా ఉండాలి, మీకు మీ అక్క ఉన్నట్టే.

ఇంకొక చిన్న పని మీ ఫోన్లోనే ఉంది. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగుల్లో మీ 'లాస్ట్ సీన్', 'ఆన్‌లైన్' రెండూ ఎవరికీ కనపడకుండా పెట్టుకోండి. అలా పెట్టుకుంటే ఎదుటివాళ్లవి కూడా మీకు కనపడవు. అలాగే రీడ్ రిసీట్స్ ఆపేస్తే ఒకరికొకరు పంపుకునే మెసేజ్‌లకు బ్లూ టిక్కులు కూడా రావు. మొదటి వారం చెయ్యి లాగుతుంది. తర్వాత ఒంటిగంట నలభైకి మెలకువ రావడం తగ్గుతుంది. దానికి బదులు, బ్రేక్‌లో ఒక్క మాట పెట్టమని ఆయన్ను అడగండి. 'తిన్నాను' అన్నా చాలు. అడిగి తీసుకున్న ఆ ఒక్క మాట మీకు రెండు నెలలు దొంగచాటుగా చదివిన వందల మెసేజ్‌ల కన్నా ఎక్కువ ఊరటనిస్తుందని నా నమ్మకం.

ఇదంతా మీ ఆయన చెయ్యి ఎత్తని మనిషి అనే నమ్మకంతో రాశాను. మీ ఉత్తరంలో అలాంటి ఛాయ లేదు. ఒకవేళ కొడతారనే భయం ఉంటే, ఒంటరిగా ఉన్నప్పుడు ఈ మాట ఎత్తకండి. ముందు మీ అమ్మకో అక్కకో చెప్పండి. మహిళల సహాయానికి 181 ఉంది. ఇది చదివే వేరే చెల్లెళ్లు ఎవరైనా, తమ భర్తో ఇంకెవరో తమ ఫోన్‌ను ఇలాగే దొంగచాటుగా చూస్తున్నారని తెలుసుకుని ఉంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం ఆడమనిషి ఇంటర్నెట్ వాడకం మీద మగవాడు నిఘా పెట్టడం నేరమని తెలుసుకోండి. మీకు జరిగితే తప్పు అయినది మనం చేస్తే ఒప్పు కాదు కదమ్మా, అందుకే మీకూ అంత గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

పాప విషయం ఒక్కటి. "నాన్న ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నాడో చూసి రా" అని ఎప్పుడైనా పంపి ఉంటే, ఇక పంపకండి. ఐదేళ్ల పిల్లకు అర్థం కాదనుకుంటాం. అన్నీ అర్థమవుతాయి.

స్కూల్ బ్యాగ్‌లో ఉన్న ఆ లాప్‌టాప్‌ను ఈ రాత్రికే బయటికి తీసి హాల్లో బల్ల మీద పెట్టండి. తెరవకండి. ఆయన వీక్లీ ఆఫ్ రోజు దాకా అక్కడే ఉండనివ్వండి.